నాలుగు పూతల కింద

పాత ఇంటికి రంగులు వేయడానికొచ్చిన పెయింటరు, పడకగది గోడ గీకుతూ గీకుతూ ఆగి ఇంటావిడను కేకేశాడు. ఆమె పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే.

"నాలుగు పూతలు గీకితే అడుగున బొమ్మలు తేలాయమ్మా. మీరు గీసినవేనా?"

"ఈ గది నాదే కాబట్టి నావే అయ్యుంటాయి బాబాయ్. బొత్తిగా గుర్తు లేదు."

"అంత చిన్నప్పటి సంగతులు ఎవరికి గుర్తుంటాయి లెండి. నాకైతే బళ్లో వేసిన రోజు నుంచే జ్ఞాపకం."

"ఈ రెండు జడల పిల్ల నేనే. ఈ పొడుగు మనిషెవరు? మొహమే లేదేం?"

"వరసగా చూడండి. మొదటి బొమ్మలో ఆ మనిషి గుమ్మం దగ్గరుంది, రెండోదాంట్లో మంచం దగ్గరుంది. మూడోదాంట్లో మీ నెత్తిన చెయ్యి పెట్టింది. అక్కడితో ఆపేశారు."

"మా అమ్మ ఒకటి చెప్పి నవ్వేది. ఓ రోజు రంగు పెన్సిలు పట్టుకుని వచ్చి, 'నువ్వెవరు?' అని తననే అడిగానట."

"భలేవారే! వంటింట్లోనూ ఇవే బొమ్మలున్నాయిగా. అవీ మీ చిన్నప్పటివేనా?"

"వంటింటికి పోయినేడే కదా రంగు వేయించాం! అక్కడెన్ని ఉన్నాయి?"

"అయితే మీ పాపవే. పొద్దున రెండే ఉన్నాయి, అవి మీరు గీసినవే అనుకున్నా. ఇందాక మంచినీళ్లకెళ్తే మూడోది గీస్తోంది."

"పాపా! బంగారుతల్లీ, ఒక్కసారి ఇలా రామ్మా!"

"ఇదిగో, పెన్సిలుతో సహా వచ్చేసింది. అమ్మ పిలుస్తుంటే నా వెనక దాక్కుంటావేమే, పిల్లా?"

"నీ చెవిలో ఏం చెప్తోంది బాబాయ్?"

"ఏం లేదమ్మా, ఆటలాడుతోంది. 'ఆవిడెవరు తాతా?' అంటోంది."