గొయ్యి తవ్వనిదే గీతలు చదవని ఇంజనీరు గారు

పందొమ్మిది వందల తొంభైవ సంవత్సరం జులై రెండవ తేదీ, సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రంతో, కొత్త బూట్లు కరిచిన కాళ్లతో మా ట్రాక్ నిర్వహణ విభాగంలో జూనియర్ ఇంజనీరుగా అడుగుపెట్టిన యువకుడు, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున డిప్యూటీ చీఫ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. హోదాలు ఎన్ని మారినా విభాగమంతా వారిని ఆప్యాయంగా పిలుచుకునే పేరు ఒక్కటే: గొయ్యిగారు. ఈ బిరుదు ఎవరో సభ పెట్టి ప్రదానం చేసింది కాదు. వారు చెమటోడ్చి తవ్వుకున్నది.

తొలి పదిహేనేళ్లూ వారి కార్యక్షేత్రం పట్టాల పక్క కాలిబాటే. పట్టాలనూ, వాటి కింద అడ్డంగా ఉండే స్లీపర్లనూ అందరూ చూస్తారు. వాటి బరువు మోసే కంకర లోపల ఏం జరుగుతోందో చూసేవారు అరుదు. అడుగున నీరు నిలిచి, మట్టి పైకి ఎగదన్ని కంకరలో కలిసిందంటే, ఆ దారి పైన పటారం లోన లొటారమే. ఆ లోపలి సంగతి తెలుసుకోవడానికి అప్పట్లో పలుగూ పారా తప్ప వేరే సాధనం లేదు. కిలోమీటరుకు రెండు గోతులు తవ్వి, మధ్యలో అంతా బాగానే ఉందనుకోవడమే ఆనవాయితీ.

రెండువేల ఆరులో భూమిలోకి చూసే రాడార్ వచ్చింది. ట్రాలీకి కట్టిన ఆ పెట్టె కంకరలోకి తరంగాలు పంపుతుంది. ఒక పొర ముగిసి మరో పొర మొదలయ్యే చోట తగిలి అవి తిరిగొస్తాయి. ఎంత సేపట్లో వచ్చాయన్నది తెరమీద గీతలుగా కనిపిస్తుంది, ఆ సమయాన్ని బట్టి లోతు లెక్క కట్టుకోవాలి. ఆ బాధ్యత వారికి అప్పగించినప్పుడు విభాగంలో నవ్వనివాడు లేడు. "కంకరకి స్కానింగేంటి సార్, కడుపుతో ఉందా?" అని ట్రాక్ మనుషులు ఆటపట్టించేవారు. ఇంజనీరు గారు కూడా నవ్వి, పెట్టె తుడుచుకుని పనిలో పడేవారు.

అదే ఏడు, పదకొండు కిలోమీటర్ల మార్గంలో రైళ్ల వేగం ఎనభై నుంచి నూటపదికి పెంచాలని సంకల్పించారు. స్లీపర్ల కింద కనీసం ముప్పై సెంటీమీటర్ల శుభ్రమైన కంకర ఉండాలి. వారు రాడార్ నడిపి, అంతటా ముప్పై అయిదు ఉందని నివేదిక సమర్పించారు. అధికారులు సంతోషించారు, శుక్రవారం ముహూర్తం పెట్టారు, కొత్త వేగం బోర్డులకు రంగు కూడా వేయించారు.

బుధవారం ఉదయం దారి వెంట నడుస్తుండగా, రోజూ ఆ పట్టాలు చూసుకునే కీమ్యాన్ వారిని ఆపాడు.

"మీ పెట్టె ఏమందో నాకు తెలీదు సార్. బండి వెళ్తుంటే ఇక్కడి స్లీపర్లు బురద కక్కుతున్నాయి. కావాలంటే నిలబడి చూడండి."

నిలబడి చూశారు. తర్వాత పలుగు అడిగి తీసుకుని స్వయంగా తవ్వారు. ముప్పై అయిదు అన్నచోట ఇరవై నాలుగుకే బురద తగిలింది. మరో మూడుచోట్ల తవ్వినా అదే వరస. జరిగిన పొరపాటు ఏమిటో గోతిలో కూర్చునే గ్రహించారు. తరంగాల వేగాన్ని వారు స్టోర్స్ ఆవరణలోని ఎండు కంకర మీద నిర్ధారించారు. తడిసిన కంకరలో అవి నెమ్మదిగా నడుస్తాయి, ఆలస్యంగా తిరిగొస్తాయి. ఆ ఆలస్యాన్ని వారి లెక్క లోతుగా చూపించింది.

మధ్యాహ్నం ఆఫీసులో వారి బల్ల దగ్గరకు ఒక సహోద్యోగి కుర్చీ లాక్కున్నాడు.

"ఊరుకోండి మాస్టారూ. వానలు తగ్గితే నీళ్లు అవే ఇంకిపోతాయి. పది సెంటీమీటర్ల కోసం మీ పరువూ, మెషీన్ పరువూ రెండూ తీసుకుంటారా?"

"మెషీన్ తప్పు చెప్పలేదండి. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో అది చెప్పింది. ఎంత లోతో చెప్పింది నేను."

"అది పైవాళ్లకి అర్థమవుతుందా?"

"అర్థం కాకపోతే నన్ను తిడతారు. బండి తొంభై దాటాక ఆ బురద మీద ఏమవుతుందో మీకూ తెలుసు."

అప్పటికప్పుడు అరపేజీ ఉత్తరం రాశారు. తన నివేదికను తానే ఉపసంహరించుకుంటున్నాననీ, దోషం యంత్రానిది కాదు, లెక్క కట్టిన తనదేననీ అందులో ఉంది. శుక్రవారం ముహూర్తం ఆగిపోయింది. కంకర తీసి జల్లించి, నీరు పోయే దారి చేయడానికి నాలుగు నెలలు పట్టింది. రాడార్ మీద దుప్పటి కప్పి స్టోర్స్‌లో పడేశారు. వారి పదోన్నతి ఆగింది, రెండేళ్లపాటు బదిలీ కూడా ఆ స్టోర్స్‌కే అయింది.

మరొకరైతే ఆ రెండేళ్లూ గోళ్లు గిల్లుకుంటూ గడిపేవారు. వారు మాత్రం భోజన విరామంలో ఆవరణ వెనక వరసగా గోతులు తవ్వి, ఎండు కంకర ఒకదాంట్లో, తడిది ఒకదాంట్లో, మట్టి కలిసినది మరోదాంట్లో నింపి, దుప్పటి తీసిన రాడార్‌ను వాటిమీద నడిపి, ప్రతి గోతినీ చేతి కొలతతో సరిచూసి పట్టిక తయారుచేశారు. నేటికీ మా సర్వేలన్నీ ఆ పట్టిక ఆధారంగానే జరుగుతాయి. దారిమీద గొయ్యి తవ్వి కొలవనిదే తెరమీద గీతలు చదవకూడదన్న నియమమూ వారిదే. వారి శ్రీమతి గారి అభియోగం వేరు: "ఆఫీసు సంగతి నాకెందుకు గానీ, ఇంట్లో కూడా గరిటె గిన్నె అడుగుదాకా పెట్టి చూడందే ఉడికిందని ఒప్పుకోరు."

గత వారం వారి చివరి సర్వే జరిగింది. వారి స్థానంలోకి వస్తున్న యువ ఇంజనీరు, వారు ట్రాలీ దగ్గరకు రాకముందే ఎదురెళ్లి, "గొయ్యి తవ్వాం సార్. ఇరవై ఎనిమిది. పెట్టె ఇంకా తెరవలేదు," అని చెప్పింది. వారు గోతిలోకి వంగి, చేయి పెట్టి చూసి, తల ఊపారు. కళ్లు తుడుచుకోవడం మాత్రం అందరం చూశాం.

ఒక మాట దాచితే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆనాడు కుర్చీ లాక్కుని "ఊరుకోండి" అని హితవు చెప్పిన సహోద్యోగి ఈ వ్యాసకర్తే. ఆ మార్గంలో నేడు రైళ్లు నూటపది మీద వెళుతున్నాయి. ఈ వ్యాసకర్త కూతురు రోజూ ఆ బండిలోనే కాలేజీకి వెళుతుంది, కిటికీ పక్కన కూర్చుని, పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా చదువుకుంటుంది.

మాన్య మిత్రమా, మీరూ, మీ శ్రీమతి గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, ఒక్క వేగ నియంత్రణ బోర్డూ ఎదురుకాని దారిలో నిండు నూరేళ్లూ సాగాలి. ఇకమీదట మొక్కల కోసం తవ్వే గోతుల్లో బురద తగిలితే సంతోషించండి, నివేదిక రాయకండి. ఇక్కడి గోతులు మేం తవ్వుతాం.