నాలుగు పొయ్యిలు

చందానగర్ మార్కెట్ పక్కన చాయ్ హోటల్. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళంతా వెళ్ళిపోయిన వేళ.

“మీరెవర్ని చూసి ఎవరనుకుంటున్నారో.”

“మాస్కు పెట్టుకుంటె గుర్తువట్టనా, రవికిరణ్ సార్? మీ ఇంట్ల వండే కమలమ్మను. ఆ డబ్బ పొద్దుగాల నేను గట్టిందే గద.”

“ఓ, నువ్వా. ఆఫీసు పని మీద వచ్చాను. క్లయింటుతో మీటింగు.”

“చాయ్ హోటల్లనా?”

“ఈమధ్య ఎక్కడైనా పెడుతున్నారు.”

“క్లయింటు ఏడి?”

“వస్తాడు.”

“నిన్న గూడ రాలే. మొన్న గూడ రాలే. కూరగాయలకు వచ్చినప్పుడల్ల చూస్తున్న.”

“చూసి పలకరించలేదా?”

“ఇయ్యాల వానొచ్చింది, లోపల్కి రాక తప్పలే. మెడల కార్డు తాడు గూడ మారింది. నీలం తాడుండె, ఇది ఎర్రది.”

“ఇది పాత కంపెనీది. నీలం తాడు ఇప్పటి కంపెనీ వాళ్ళు తీసేసుకున్నారు.”

“తాడే తీసుకున్నరా, నౌకరి గూడనా?”

“మెల్లగా.”

“పోయిందా?”

“పోలేదు. రీస్ట్రక్చరింగ్ అని... మా టీము మొత్తం... పోయింది.”

“ఎప్పుడు?”

“వినాయక చవితి ముందు.”

“అదీ సంగతి. అప్పటి సంది మీ డబ్బ నాకినట్టు వస్తుంది. ముందుగాల సగం అన్నం వాపసొస్తుండె, ఆఫీసుల మస్తు పెడుతరని. నా చెయ్యి తిరిగిందనుకొని వాడకట్టంత గొప్పలు జెప్పుకున్న.”

“వంట బాగానే ఉంటుంది, కమలమ్మా.”

“ఇప్పుడు జెప్తున్నరు.”

“కమలమ్మ గారూ, ఒక్క మాట వినండి.”

“గారు గూడ వచ్చిందా? కూసుంట అయితే. నాకొక చాయ్ చెప్పుండ్రి.”

“చెబుతాను. సంయుక్తకు ఇది తెలీదు. తెలియకూడదు.”

“అమ్మకు జెప్తే ఏమైతది సార్? మొగున్ని కొడ్తదా?”

“కొత్త ప్రాజెక్టని రోజూ నాకంటే ముందే బయల్దేరుతోంది. ఆవిడ అలా పరుగెడుతుంటే నేను ఖాళీగా ఎలా కూర్చోను? సిగ్గండీ. చచ్చేంత సిగ్గు.”

“జెండా పండుగ నాడు లేకుండె సిగ్గు. మైకు వట్టి, ఒక్క సాఫ్ట్‌వేర్ నౌకరి ఉంటే నాలుగు పొయ్యిలు వెలుగుతయన్నరు. మమ్ముల ముంగట నిలవెట్టి చప్పట్లు గొట్టిచ్చిన్రు. వంటకు నేను, మీ బిడ్డ పింకీని వట్టుకునేటందుకు సత్తెమ్మ, కారు కడిగే ఐలయ్య, ఇస్త్రీ రుక్కమ్మ.”

“అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు మాట్లాడమన్నారు, మాట్లాడాను.”

“మంచిగనే మాట్లాడిన్రు. ఇప్పుడు మీ పొయ్యి ఆరింది, మా నాలుగు మండుతనే ఉన్నయి. చాయ్ హోటల్ల కూసునేటందుకు అంగి ఇస్త్రీ జేపిస్తున్నరు. నల్లగండ్లకెళ్లి ఈడి దాక వచ్చే కారును ఐలయ్య రోజు తళతళ కడుగుతుండు.”

“ఏం చెయ్యమంటారు? ఒక్కరిని మాన్పించినా సంయుక్త ఎందుకని అడుగుతుంది.”

“నేనన్ననా మాన్పియ్యమని?”

“ఆవిడకు తెలిస్తే మొదట మాన్పించేది మిమ్మల్నే. వంట నేనే చేస్తానంటుంది.”

“అట్లనకుండ్రి సార్. మా అత్తకు పక్షవాతం. నేనిటు వస్తే ఆమెను చూసుకునేటందుకు పుణ్యవతిని వెట్టుకున్న. మీరు నన్ను తీసేస్తే నేను పుణ్యవతిని తీసెయ్యాలె. పని ఇడిసి నేను ఇంట్ల కూసుంటే ఏం తినాలె?”

“అంటే నా వల్ల ఐదో పొయ్యి కూడా వెలుగుతోందన్నమాట.”

“మైకు లేదు సార్ ఈడ.”

“సరే, ఇది మనిద్దరి గుట్టు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా. సంయుక్త జీతం ఉంది కదా, ఇల్లు ఎలాగో గడుస్తుంది.”

“అమ్మ జీతమా?”

“అవును. ఎందుకలా చూస్తున్నారు?”

“ఏం లేదు. చాయ్ వేడిగున్నది.”

“పింకీ మీద ఒట్టెయ్యండి, ఆవిడకు చెప్పనని.”

“పిల్ల మీద ఎందుకు సార్? నా నోట్లకెళ్లి రాదు.”

“ఎలా నమ్మను? పై అంతస్తు వాళ్ళ గొడవలన్నీ మాకు చేరవేసేది మీరేగా.”

“అవి వాళ్ళ గొడవలు. ఇది నా కడుపు మీది మాట. నమ్ముండ్రి సార్. నెల సంది అమ్మ డబ్బ గూడ నాకినట్టే వస్తుంది, మీకు జెప్పిన్నా?”