పెంటమ్మ ఎత్తుకున్న పిల్ల

పెంటమ్మకి నలభై అయిదేళ్ళు, పొద్దు పొడవకముందే తట్ట పట్టుకుని పేడకి పోవడం అలవాటు. మొగుడు లేడు, పిల్లల్లేరు, నోరుంది. ఒకరోజు ఏమైందంటే, ఊరి వెనక పెంటకుప్ప మీద చేటలో పసిపిల్ల కనబడిందంట. అదేం వింత కాదు, మీకు తెలుసుగా. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే తర్వాత పుట్టినదాన్ని పెంట మీద పడుకోబెడతారు. ఇంకొకరు ఎత్తుకుంటారు, తల్లి గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. పెంట మీద దొరికింది కాబట్టి ఆ పిల్లకి పెంటమ్మ అని పెడతారు. చావుకి కూడా అసహ్యం పుట్టాలని ఆ పేరు. మగపిల్లాడైతే పెంటయ్య అనుకోండి, కానీ వాడు బళ్ళో చేరగానే ప్రసాదరావు అయిపోతాడు. ఆడదానికి చచ్చేదాకా అదే పేరు.

ఆ పిల్ల పైడితల్లి కన్నది. ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. అత్త అప్పలనరసమ్మ తన కూతుర్ని ఎత్తుకోమని పక్కనే నిలబెట్టిందంట. ఆ కూతురు ముక్కు మూసుకుని తటపటాయిస్తుంటే, మన పెంటమ్మ తట్ట కింద పడేసి పిల్లని ఎత్తేసుకుంది. ఎవరైతేనేంలే అని అప్పలనరసమ్మ తవుడు పట్టుకొచ్చి, "ఇదిగో వదినా, మా పెంటమ్మని మాకిచ్చెయ్" అంటే, "తవుడు నీ గేదెకి పెట్టుకో. ఆ పేరు పెట్టనంటేనే ఇస్తాను" అందంట పెంటమ్మ. కొనేదాకా ఎత్తుకున్నవాళ్ళదే పిల్ల. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటే, ఎలా కాదంటారు?

అప్పలనరసమ్మ తవుడు గుప్పిలి మళ్ళీ ముందుకి చాపింది. "పేరు మారిస్తే పిల్ల దక్కదే! మంత్రసాని పెంటమ్మ తొంభై ఏళ్ళు బతికింది. కొడవలితో ఎలుగుబంటిని తరిమిన పెంటమ్మ మీ వీధిలోదే కదా. సంతలో పెంటమ్మ చింతపండు అంటే జనం ఎగబడతారు. గట్టి పేరే అది" అందంట. "బతికినోళ్ళని చెప్పావు, పోయిన పెంటమ్మల్ని చెప్పవేం? నాకు ముందు మా అమ్మ ఇద్దర్ని ఈ కుప్ప మీదే పడుకోబెట్టింది. ఇద్దరికీ పెంటమ్మనే పెట్టింది. ఇద్దరూ పోయారు. నేను మూడో పెంటమ్మని" అందంట ఈవిడ. పిల్ల పాలకి గుక్కపెట్టి ఏడుస్తోంది. కుప్ప పక్కనే నిలబడ్డ పైడితల్లి, రవిక తడిసిపోతుంటే, "కస్తూరి అని పిలుచుకుంటా, ఇచ్చెయ్ అత్తా" అంది పెంటమ్మతో. "దీనికేమన్నా అయితే నాది పూచీ కాదు" అంది అప్పలనరసమ్మ. "ముందు పోయిన ఇద్దరికీ పూచీ పడ్డావేంటి?" అని పెంటమ్మ పిల్లని తల్లి చేతిలో పెట్టింది.

కస్తూరి బతికింది. పేరు వల్లేనా అని నన్నడక్కండి, నాకు తెలీదు, పెంటమ్మకీ తెలీదు. ఆ తర్వాత ఊళ్ళో ఏ ఆడపిల్లని కుప్ప మీద పెట్టినా ముందు వెళ్ళి ఎత్తుకున్నది ఆవిడేనంట. వేరే పేరు పెట్టించాకే తల్లికిచ్చేది. వాళ్ళల్లో కొందరు బతికారు, కొందరు పోయారు. పోయినవాళ్ళని ఆ పేర్లతోనే పిలిచి, తన చేత్తో పాతిపెట్టింది.