మేనేజరుగారి వెనకాల

గుమాస్తా క్లినిక్కులో బల్ల మీద కూర్చుని ప్యాంటు మోకాలిదాకా మడిచాడు. డాక్టరమ్మ మోకాలి కింద ముందువైపు ఎముక అంచున వేలితో నొక్కగానే అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"ఎన్నాళ్ళ నుంచి పరిగెడుతున్నారు?"

"పోయిన వారం మేనేజరుగారు మొదలుపెట్టినప్పట్నుంచండీ."

"అలవాటు లేని కాళ్ళతో ఒక్కసారిగా అంత పరిగెడితే ఎముక వెంబడి ఇలాగే నొప్పి పుడుతుంది. కొన్నాళ్ళు ఆపేసి, తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి."

"ఇప్పుడు ప్రమోషన్ల సమయమండీ. ఆయన ఆగకుండా నేనెలా ఆగుతాను?"

"కాలు నొప్పని చెప్పండి."

"ఆయనవి ఉక్కు కాళ్ళండీ. ఆయన ముందు కుంటితే ఏం బావుంటుంది?"

తెర అవతలి మంచం మీంచి మేనేజరుగారి మూలుగు వినిపించింది.

"నువ్వు వెనకాల వస్తున్నావనే కదయ్యా నేనూ ఆగలేదు."