ఏమీ చెడిపోని ల్యాబ్

హలో… ఆ, నేనే బావా. ఇంట్లోనే ఉన్నాను. నెల కిందట నువ్వు ల్యాబ్‌లోంచి పంపించేసిన దగ్గర్నుంచీ ఇంట్లోనే ఉన్నాను.

…లేదు, ఎత్తిపొడవడం లేదు. విషయం చెప్పు.

మూడు కంప్యూటర్లూనా? రిపోర్టులు ప్రింటు తీసేది కూడా?… పొద్దున ఏడింటి నుంచి తెరుచుకుంటూనే ఉన్నాయా. బాగుంది.

పదేళ్ల నాటి కంప్యూటర్లు బావా అవి. వాటికున్న మెమరీయే ఒక్క జీబీ. నేను వేసిన లినక్స్ సిస్టమ్ అందులో పావు వంతు కూడా తినేది కాదు. మీ కొత్త కంపెనీవాడు ఏం ఎక్కించాడు?… తెర నిండా కొండల బొమ్మ. ఇంకా?… తెర మీద తెరిచే కిటికీలు అద్దాల్లా మెరుస్తాయా. మెరవనీ.

నువ్వే అన్నావుగా, ఈ బూడిదరంగు తెర చూస్తుంటే పాడుబడ్డ కొంపలా ఉంది, నలుగురూ వచ్చే చోట పరువు పోతోందని… అన్నావు బావా. ఒక గడియారం, పేషెంటు పేరు కొట్టడానికి ఒక గడి, ప్రింటు బటన్. కౌంటర్లో కూర్చునే అక్కకి ఇంకేం కావాలి? ఆన్ చేసిన పావు నిమిషంలో పని మొదలెట్టేది.

…అవును, ఆరేళ్లలో ఒక్కసారీ ఆగలేదు. అదే నా తప్పయింది. ఏదీ చెడిపోదు, వీడు రోజూ వచ్చి చేసేదేముంది అన్నావు. చెడిపోకుండా చూడటమే నేను చేసే పని. నీకది కనబడలేదు.

ఎవరు, అక్కడ అరుస్తున్నది?… ఆపరేషన్ కేసు తాలూకు మనిషా. రక్తం రిపోర్టు కోసం డాక్టరు ఆగిపోయాడా… అరిచేది అక్క మీదా?

మరి నువ్వెక్కడున్నావు?

…లోపలి గదిలో. తలుపేసుకుని. ఇంకేం మరి.

చెప్తాను, ఏం చెయ్యాలో చెప్తాను. ముందు ఒక్క మాట. నెల నుంచి అక్క నా ఫోను ఎత్తడం లేదు. ఏం చెప్పావు తనకి?

…

నేనే మానేశానని. మంచి ఉద్యోగం దొరికిందని మాటమాత్రం చెప్పకుండా పోయానని.

నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి బావా ఆవిడ. నెలరోజులు నా గురించి ఏమనుకుని ఉంటుంది?

…మళ్లీ పనిలోకా, జీతం పెంచుతావా. నాకవన్నీ వద్దు. ఫోను అక్కకివ్వు. నువ్వే పంపించావని నీ నోటితో చెప్పు, నేను వింటాను. ఆ తర్వాతే కంప్యూటర్ సంగతి. …తొందర నాక్కాదు, ఆ పేషెంటుకి. నడువు.

…

అక్కా.

ఆ, నేనే… ఊరుకో, జనం చూస్తారు… బావేం చెప్పాడు?… ఏమీ చెప్పలేదా. ఫోను చేతిలో పెట్టి పోయాడా.

…

అదేం ప్రశ్న? ఆయనే నన్ను పంపించాడని ఎవరన్నారు?… నీకే అనిపించిందా.

…లేవకు. అక్కా, ఆ కుర్చీలోంచి లేవకు. లేచి, ఆయన్ని నిలదీసి ఎక్కడికెళ్తావు? సాయంత్రానికి మళ్లీ ఆ ఇంటికేగా.

ఆయన పంపలేదు. నేనే మానేశాను.

…నిజంగానే… అవును, నీకు చెప్పకుండానే. తప్పే. తిట్టు, తర్వాత తీరిగ్గా తిట్టు. ఇప్పుడు నే చెప్పింది చెయ్యి.

నీ సొరుగులో ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంటుంది. అడుగున చూడు… అదే. పాత సిస్టమ్ మొత్తం అందులో ఉంది. గుచ్చి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. ఎఫ్ పన్నెండు మీట నొక్కుతూనే ఉండు… రెండో వరస… ఎంటర్.

వచ్చిందా?… ఆ పేషెంటు పేరు కొట్టు. రిపోర్టులన్నీ లోపలి పెద్ద మిషన్లోనే ఉన్నాయి, ఆ కొత్త కంపెనీవాడు దాన్ని ముట్టుకోలేదు… ప్రింటు తియ్యి. ముందు ఆ అరిచే ఆయనకిచ్చి రా, నేనుంటాను.

…

ఇచ్చావా… పోనీలే. మిగతా రెండింటికీ ఇలాగే చెయ్యి.

బావకి ఏం చెప్పక్కర్లేదు. …నేనా? నేను బాగానే ఉన్నాను.

…

ఆ… కొత్త ఉద్యోగమా. మంచిదే అక్కా. పెద్ద ఆఫీసు… పని కాస్త ఎక్కువ, అందుకే రాలేకపోయాను. ఇదిగో, మా మేనేజరు పిలుస్తున్నాడు. ఉంటాను.