అల్మారాలో లేని కప్పు

1996. నారాయణగూడలో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు. పాత సెక్రటరీ కొత్త సెక్రటరీకి ఆఫీసు గది తాళాలు అప్పగిస్తున్నాడు. బయట కుర్రాళ్లు ప్రాక్టీసు చేస్తున్నారు.

“సార్, భానును మాత్రం ఇడిచిపెట్ట. ఆదివారం ఫైనల్ పెట్టుకొని గంత మంచి ఆటగాన్ని ఎట్ల పంపిస్త?”

“బ్యాంకు టీమ్ శనివారమే టోర్నమెంటుకు వేరే ఊరెళ్తోంది బాబూ. వాళ్లతో వెళ్లకపోతే భానుకు ఇస్తామన్న బ్యాంకు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

“గదే చెప్తున్న. మీరు తయారు చేసుడు, బ్యాంకులోల్లు ఎత్తుకపోవుడు. ఇన్నేండ్లల్ల ఆ అల్మారాల ఒక్క కప్పన్న ఉన్నదా?”

“లేదు.”

“ఇప్పుడు మన క్లబ్బు మీద ఒక కంపెనీ పైసలు పెడుతున్నది. వాళ్లకు కప్పు గావాలె. నన్ను సెక్రటరీ చేసిందే గందుకు.”

“నన్ను తీసేసిందీ అందుకే.”

“కోపం చెయ్యకుండ్రి. మీ పద్ధతి ఇప్పుడు నడ్వదు సార్.”

“కోపమేం లేదు. భాను వాళ్లమ్మ అంబర్‌పేటలో ఇటుకలు మోస్తుంది. పంపడం లేదని ఆమెకు నువ్వే చెప్పు.”

“మీరు జర చెప్పరాదుండ్రి? మీ మాటైతే ఇంటది.”

“ఇన్నేళ్లలో ఎవరికీ అలా చెప్పలేదు. ఎలా చెప్పాలో నాకు తెలీదు.”



“సార్... ఎనభై ఎనిమిదిల మీరు నన్ను బ్యాంకుకు పంపిన్రు గద. అప్పుడు గూడ ఫైనల్ ముందలనే.”

“అవును.”

“ఆ ఫైనల్ ఏమయిందో నేనెన్నడు అడగలే.”

“అల్మారా చూశావుగా.”