నంద్యాల నూనె

ఆళ్లగడ్డ. ఆదివారం, బాగా పొద్దెక్కింది. వాకిట్లో రూతు, ఆమె మరిది యాకోబు. లోపల మంచం మీద ఆమె భర్త జీవరత్నం, రిటైరైన బడిపంతులు. చక్కెర జబ్బుతో ఆయనకు చూపు పోయింది.

"చెప్పినావా వదినా?"

"మెల్లగా మాట్లాడు యాకోబూ. కండ్లు పోయినకాడ్నుంచి మీ అన్నకు చెవులు పెరిగినాయి."

"చెప్పలేదన్నమాట."

"ఎట్లా చెప్పాల్నో నువ్వు చెప్పు."

"ఉండేది ఉన్నట్టు చెప్పాల. కిరణ్ బండిని లారీ గుద్దింది, పిల్లోడు పోయినాడు అని. నంద్యాల ఆస్పత్రిలో పోస్టుమార్టం అయిపోయింది. నేను ముందొచ్చినా. వాణ్ని తెచ్చే బండి దోవలో ఉంది."

"పోయినాడని ఎట్లనో నోరు తెరిచి చెప్తా. దేనికి బయల్దేరినాడని అడిగితే?"

"దేనికి?"

"రాత్రి నువ్వు ఈడ లేవు. గోడ గడియారం ఆగిపోయింది. ఈయన కొడుక్కు ఫోన్ చేసి, తెల్లారేటప్పటికి నంద్యాల నుంచి దానికి నూనె తీసుకొని రావాల, రాకపోతే నువ్వు నాకు పుట్టలేదు అన్యాడు. పనుంది నాయనా, వచ్చే వారం వస్తా అని వాడంటే ఇనలా. పెట్టేసినాడు. పిల్లోడు చీకటితోనే బండి తీసినాడు."

"నూనె కోసరమా?"

"నూనె కోసరమే. అది తెలిస్తే ఈయన బతకడు. ఒకరు పోయింది చాలు నాకు."

"అయితే ఇది చూడు. ఆస్పత్రిలో నా చేతికిచ్చినారు. పర్సు, తాళంచెవులు. ఫోను నుగ్గునుగ్గయింది."

"ఆ చిన్న సీసా ఏందీ?"

"వాని జేబులో ఉండింది. రాత్రే అంగడి తీపిచ్చి కొనింటాడు నూనె. అదొక్కటి పగల్లేదు."

"ఇట్లియ్యి."

"కడగాల వదినా."

"ఇట్లియ్యి. కొంగుతో తుడుస్తా."

"రూతూ. ఎవరితో మాట్లాడతాండావ్?"

"యాకోబు వచ్చినాడు. నీ తమ్ముడు."

"యాకోబు నా తమ్ముడని నాకు చెప్తాండావా? కిరణ్ గాడు వచ్చినాడా?"

"లేదు."

"పొద్దెక్కలా?"

"ఇంకా ఎక్కలా. ఇప్పుడే తెల్లారింది."

"ఎండ నా పాదాల మీదికి వచ్చింది. ఇప్పుడే తెల్లారింది అంటావ్. గడియారం పలక్కపోతే నువ్వేం చెప్తే అదే టైమా?"

"మబ్బు పట్టింది. సరిగ్గా తెలీలా."

"మబ్బు పడితే ఎండ ఎట్లా వస్తాదే? నా కట్టె యాడ? రోడ్డు దాకా పోయి నిలబడతా. వాడు కోపంలో ఇల్లు దాటిపోయినా పోతాడు."

"రోడ్డు మీదికొద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. కూర్చో. యాకోబు నూనె తెచ్చినాడు. గడియారం నేను చేస్తా. నువ్వు చెప్పు."

"నువ్వా? పోయినసారి కొబ్బరినూనె పోసింది నువ్వే కదా. వంకాయ వేపుడుకు పోసినట్టు పోస్తివి."

"ఇది కొబ్బరినూనె కాదు. యాకోబూ, బేగా దించు గడియారాన్ని."

"వదినా, ఆ నూనెతోనా?"

"దీనికే కదా తెచ్చింది. దించు."

"జోపానం యాకోబూ. ముందు ఊగే గుండు తీసెయ్. కొక్కానికి తగిలిచ్చి ఉంటాది, పైకెత్తితే వస్తాది. వచ్చిందా?"

"వచ్చిందన్నా."

"కింద దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టు. ముండ్లు వంగుతాయి, నేలకు ఆననీద్దు. వెనక పలక ఊడదియ్. ఇంక నువ్వు పక్కకు జరుగు, మీ వదిన చేస్తానంటాంది కదా. చెయ్యనీ."

"లోపలంతా నల్లగా ఉంది."

"పాత నూనె. దుమ్ము కలిసి బంకైంది. అది తుడవకుండా కొత్తది పెడితే మళ్లీ ఆగుతాది. మెత్తని గుడ్డ కిరసనాయిల్లో ముంచి గట్టిగా పిండు. చక్రాల ఇరుసులు ఇత్తడి పలకలో తిరిగే రంధ్రాలుంటాయి చూడు. ఆడ తుడువు. స్ప్రింగు జోలికి పోవద్దు, ఏలు తెగుతాది."

"తుడుస్తాండా."

"ఊరికే తుడుస్తాండావా, చూసి తుడుస్తాండావా?"

"చూసే తుడుస్తాండా."

"ముక్కెందుకు ఎగబీలుస్తాండావ్?"

"కిరసనాయిలు వాసన."

"వాకిట్లో చెప్పుల సప్పుడేందీ? శానామంది ఉన్నట్టుంది."

"పక్కింటి రంగనాయకమ్మ వచ్చింది. చింతపండు అడిగేదానికి."

"చింతపండుకు అంతమందా?"

"పాస్టరయ్య కూడా వచ్చినాడన్నా."

"ఆదివారం పొద్దున గుడిలో ఉండాల్సిన మనిషికి మనింట్లో ఏం పని యాకోబూ? గడియారానికి ప్రార్థన చేస్తాడంటనా?"

"ఊరికే, నిన్ను చూసి పోదామని."

"చూసేకి నేనేమన్నా పెండ్లికొడుకునా. కూర్చోమను. ఈ పని కానీ."

"నూనె ఎంత పొయ్యాల?"

"పొయ్యడం అనద్దు, నాకు గుండె అదురుతాది. సూదిమొన ముంచి ఒక్క బొట్టు పెట్టాల. రంధ్రానికి ఒక్క బొట్టు. చక్రాల పండ్లకు పెట్టద్దు, దుమ్ము పడతాది. ఇనపడతాందా?"

"ఇనపడతాంది."

"పొద్దున్నుంచి చూస్తాండా. నన్ను ఏమనీ పిలవకుండా మాట్లాడతాండావ్."

"ఏమని పిలవాల?"

"కొడుకు పుట్టినకాడ్నుంచి ఏమని పిలుస్తాండావ్? కిరణ్ నాయనా అంటావ్. ఈ పొద్దు ఒక్కసారన్నా అనలా. రాత్రి వాణ్ని తిట్టినానని కోపం నీకు."

"కోపం లేదు."

"లేకపోతే పిలువు."

"చేతిలో సూది ఉంది. బొట్టు జారిపోతాది."

"నాకు మాత్రం బాగుంటాదా చెప్పు. చూపు పోయినాక పగలేదో రాత్రేదో చెప్పేది అదొక్కటే. రాత్రి అది ఆగిపోతే మనిషిని గోతిలో పెట్టి మూసినట్టయింది నాకు. ఆ భయంలో అన్నా ఆ మాట. వానికి తెలీదా?"

"తెలుసు. తెలుసు వానికి."

"సీసా మీద ఏం రాసింది?"

"నాకేం తెలుసు? ఊరి పిల్లోళ్లందరికీ అక్షరాలు దిద్దిచ్చినావ్. ఇంట్లో దానికి దిద్దియ్యలా."

"నువ్వడగలా."

"అడిగినా. ఈ వయసులో నీకెందుకే అన్యావ్."

"అన్నానా? అనింటా. సరే, ఆ సీసా ఇట్లియ్యి."

"ఇంకా పని ఉంది దాంతో."

"ఇట్లియ్యి అంటాండా. తడిగా ఉందేందీ?"

"నా చెయ్యి తడి."

"సీసా గొంతు కాడ ఏందో ఎండి పొరకట్టింది."

"నూనె కారింటాది."

"ఈ నూనె ఎండదు రూతూ. ఎండనిదనే కదా గడియారాలకు పెట్టేది. వాసన కూడా లేదు. ఇది అసలైన నూనె, ఆళ్లగడ్డలో దొరకదు. యాకోబూ, యాడ తెచ్చినావ్?"

"బజార్లో అన్నా."

"ఏ బజార్లో?"

"ఈ బజార్లోనే."

"అబద్ధం చెప్పేటప్పుడు చిన్నప్పటి మాదిరే గొంతు సన్నం చేస్తావ్ రా నువ్వు. మూత చుట్టూ గీతలుండాయి. నంద్యాలలో గడియారాల సాయిబు అంగట్లో తప్ప ఈ సీసా లేదు. నేను తెచ్చుకున్నవన్నీ ఇట్లాంటివే. కిరణ్ గాడు తెచ్చినాడు దీన్ని."

"అన్నా, ఒక మాట చెప్తా ఇను."

"నువ్వుండు. రూతూ, నువ్వు చెప్పు. వాడు తెచ్చినాడా లేదా?"

"తెచ్చినాడు."

"మరి రాలేదంటివే."

"ఏం చెప్పమంటావ్ నన్ను?"

"చెప్పేదేముంది. గుమ్మం దాకా వచ్చినాడు. సీసా మీ చేతిలో పెట్టినాడు. నా మొగం చూడకుండా పోయినాడు. అంతేనా?"

"అంతే."

"వదినా, ఏం మాట్లాడతాండావ్?"

"అంతే అంటాండా కదా యాకోబూ. నువ్వు పలకద్దు."

"నిన్నెందుకంటాది యాకోబూ, మీ వదిన? తప్పు నాది. పుట్టలేదన్నా. గడియారం కోసరం ఏ తండ్రన్నా అంటాడా అట్లా? వాడు పోయి ఎంతసేపైంది?"

"శానాసేపైంది అన్నా."

"ఫోన్ చెయ్. నేనే మాట్లాడతా."

"పలకదన్నా."

"నా నెంబరు చూస్తే తియ్యడు. నీ దాంట్లో చెయ్."

"ఎవరు చేసినా పలకదు."

"అంత కోపమా. పోయి పిల్చకరా యాకోబూ. టీ తాగేదానికి బస్టాండు కాడ ఆగింటాడు. మీ నాయన తప్పైందన్నాడు అని చెప్పు. పాస్టరయ్య ఎదురుగానే ఒప్పుకున్నాడు అని చెప్పు. ఏం, కదలవేందీ?"

"పోతాన్లే అన్నా."

"రూతూ, ఆ పలక బిగిచ్చి గోడకు పెట్టించు. వాడొచ్చేటప్పటికి నడుస్తా ఉండాల. కీ ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"గుండు తగిలిచ్చి ఒకసారి పక్కకు తీసి వదులు. గట్టిగా నెట్టద్దు. ఆ. ఇనండి ఇప్పుడు. నిన్న కుంటుతాండె, ఒక దెబ్బ పెద్దది, ఒకటి చిన్నది. ఇప్పుడు రెండూ సమంగా పడతాండాయి. మంచి నూనె తెచ్చినాడు నా కొడుకు."

"తెచ్చినాడు."

"నీ పని కూడా బాగుంది. ఏడుస్తాండావా?"

"లేదు."

"ఏడవద్దు. ఇంక వాణ్ని ఒక్క మాట అనను. ఈ పొద్దు ఉండి, అన్నం తిని పొమ్మందాం. ఉండు. బండి ఏదో సందులోకి తిరిగింది."

"యాకోబూ, నువ్వు బయటికి పో."

"వాని బండి సప్పుడు కాదు ఇది. పెద్ద బండి. మనింటి ముందరే ఆగింది. ఎవరితోనన్నా కలిసి వచ్చినాడేమో. రూతూ, చూడు. వాడేనా?"

"వాడే."

"చూస్తివా, కోపమున్నా ఎనక్కి వచ్చినాడు. లోపలికి రమ్మను. వాకిట్లో నిలబడినాడెందుకు?"

"నిలబడలా. నలుగురు పట్టుకొని దించుతాండారు."